పేలుళ్ల మర్నాడే రైలెక్కడం: గుండె నిబ్బరమా, పట్టనితనమా?

లోకల్‌లైన్:
2006 జులై 11 సాయంత్రం ముంబై వెస్టర్న్ లైన్‌లో పదకొండు నిమిషాల వ్యవధిలో ఏడు బాంబులు పేలాయి, అన్నీ ఫస్ట్ క్లాస్ పెట్టెల్లోనే. 180 మందికి పైగా పోయారు. మర్నాడు పొద్దున అదే లైన్లో బళ్లు నడిచాయి, జనం ఎక్కారు. ‘ముంబై స్పిరిట్’ అని దేశమంతా మెచ్చుకుంది. నాకు దాంట్లో తప్పేమీ కనబడదు. 2025 జులై 21న బొంబాయి హైకోర్టు, కింది కోర్టు శిక్ష వేసిన పన్నెండు మందినీ నిర్దోషులంది. ఆ తీర్పును వేరే కేసుల్లో ప్రమాణంగా తీసుకోవద్దని మూడు రోజులకు సుప్రీంకోర్టు చెప్పింది, విడుదలైనవాళ్లను మాత్రం వెనక్కి పంపలేదు. మరి బాంబులు పెట్టిందెవరు? పంతొమ్మిదేళ్ల తర్వాత ఈ ప్రశ్న మళ్లీ మొదటికొస్తే నాలుగు రోజుల్లో వదిలేశాం. పట్టనితనం అక్కడుంది.

రోజుకూలి:
జనం మీద ఎందుకండీ నింద? ఆ రోజు పనికి పోకపోతే కూలి రాదు. అది ధైర్యమూ కాదు, మరపూ కాదు, అవసరం. మర్చిపోయింది ప్రభుత్వం.

థేమ్స్‌గట్టు:
లండన్ సంగతి చూడండి. 2005 జులై 7న అక్కడి రైళ్లలో, ఒక బస్సులో బాంబులు పేలి 52 మంది చనిపోయారు. అక్కడా మర్నాడే చాలా రైళ్లు నడిచాయి. కానీ 2010 అక్టోబరు నుంచి జడ్జి హాలెట్ బహిరంగంగా మరణ విచారణ జరిపారు: ఒక్కొక్కరూ ఎక్కడున్నారు, సాయం ఎప్పుడందింది, ఆలస్యం దేనివల్ల. 2011 మేలో తొమ్మిది సిఫార్సులు వచ్చాయి. వాటిలో ఒకటి, రైళ్లలో ప్రథమ చికిత్స సామగ్రి ఉంచే వీలు పరిశీలించమని. బాధిత కుటుంబాలు ఏళ్ల తరబడి పట్టుబట్టబట్టే ఇంత లోతుగా వెళ్లింది. కాబట్టి రోజుకూలి గారూ, ప్రభుత్వానికి గుర్తుండాలంటే ఎవరో ఒకరు అడుగుతూనే ఉండాలి.

చార్మినార్‌వైపు:
అడగడం సరే, తొందరపెట్టడం ప్రమాదం. 2007 హైదరాబాద్ పేలుళ్ల తర్వాత పట్టుకెళ్లిన ముస్లిం యువకుల్లో చాలామంది నిర్దోషులుగా బయటికొచ్చారు. తర్వాత రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ప్రకటించింది. మక్కా మసీదు కేసులో విచారణ ఎదుర్కొన్న ఐదుగురూ 2018 ఏప్రిల్ 16న నిర్దోషులయ్యారు. ‘ఎవరో ఒకర్ని పట్టుకోండి’ అన్న ఒత్తిడి కూడా బాధితులకు అన్యాయమే.

క్లెయిమ్‌ఫైల్:
ఒప్పుకుంటాను. అందుకే కేసుతో ముడిపెట్టకుండా జరగాల్సిన పని చెప్తాను. రైల్లోగానీ స్టేషన్ ఆవరణలోగానీ ఉగ్రదాడి జరిగితే రైల్వే చట్టం 124ఎ కింద పరిహారం వస్తుంది. దోషి ఎవరో తేలనక్కర్లేదు. 2017 నుంచి మరణానికి 8 లక్షలు. టికెట్టు, పాసు, ప్లాట్‌ఫాం టికెట్టు ఏదున్నా చాలు. పేలుడులో టికెట్టు పోతే అంతటితో క్లెయిమ్ పోదు. ప్రయాణ వివరాలతో అఫిడవిట్ ఇవ్వాలి, అప్పుడు ఆ మనిషి ప్రయాణికుడు కాదని చూపే బాధ్యత రైల్వేది. చిక్కంతా గడువుతోనే: ఈ పరిహారం కేసులు చూసే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు ఏడాదిలోపు వెళ్లాలి, దాటితే ఆలస్యానికి తగిన కారణం చూపాలి. ఆ ఏడాదిలోనే కుటుంబం ఆస్పత్రుల చుట్టూ, సర్టిఫికెట్ల చుట్టూ తిరుగుతుంటుంది. టీవీ వాళ్లు మాత్రం అప్పటికే వెళ్లిపోయి ఉంటారు.

రోజుకూలి:
ఇది పనికొచ్చే మాట. బజారులో పేలితే?

క్లెయిమ్‌ఫైల్:
ఉగ్రదాడి బాధితులకు కేంద్ర పథకం ఉంది. మరణానికీ, 50 శాతం, ఆపైన ఉన్న శాశ్వత వైకల్యానికీ 5 లక్షలు. కలెక్టర్‌కు దరఖాస్తు చేయాలి. సొమ్ము కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, వడ్డీ మాత్రం చేతికొస్తుంది. అంటే వైద్యానికి వెంటనే డబ్బు కావాల్సినవాళ్లకు ఇది అక్కరకు రాదు. నా గట్టి అభ్యంతరం దీనిమీదే.

లోకల్‌లైన్:
స్టేషన్లలో మెటల్ డిటెక్టర్ ద్వారాలదీ అదే తంతు. అవి లోహాన్ని పసిగడతాయి, పేలుడు పదార్థాన్ని కాదు. ఫోనుకూ, టిఫిన్ డబ్బాకూ మోగుతాయి. మోగిన ప్రతివాళ్లనూ ఆపి చూస్తేనే ప్రయోజనం, రద్దీవేళ అది జరగని పని. దానికన్నా వేళలు మార్చి చేసే బ్యాగు తనిఖీలు, కుక్కల దళాలు నయం. వదిలేసిన బ్యాగు కనబడితే ముట్టుకోవద్దు, దూరంగా వెళ్లి రైల్వే హెల్ప్‌లైన్ 139కో, అత్యవసర నంబరు 112కో ప్లాట్‌ఫాం నంబరు, పెట్టె నంబరు చెప్పండి.