లాంజెవిటీకి ప్రతిచోటా ‘దీర్ఘాయువు’ అనవచ్చా?

ప్రశ్న:
పెద్దవయసువారి ఆరోగ్యం గురించిన చిన్న పుస్తకాన్ని తెలుగులోకి తెస్తున్నాను. అందులో ‘లాంజెవిటీ’ అడుగడుగునా వస్తుంది. నిఘంటువు చూసి అన్నిచోట్లా ‘దీర్ఘాయువు’ అని రాశాను. చదివిన మిత్రురాలు ‘సగటు దీర్ఘాయువు పెరిగింది’, ‘వినికిడి యంత్రం బ్యాటరీ దీర్ఘాయువు’ అన్న రెండింటి కిందా గీత గీసి, ఇవి తెలుగులా లేవన్నారు. ఎక్కడ ఏ మాట వాడాలో దయచేసి చెప్పగలరు.

మొదటి జవాబు:
ఆమె గీత గీసింది సరైన చోటే. ‘దీర్ఘ’ అన్నది మాటలోనే ఉండగా దానికి సగటు కట్టడం పొసగదు. ఇప్పుడు పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్లు బతకవచ్చో చెప్పే అంచనాకు ‘ఆయుర్దాయం’ అన్న మాట స్థిరపడింది. దాయం అంటే వాటా, దాయాదిలో ఉన్నదీ అదే. కనుక ఆయుర్దాయం ఒకరి పాలికి వచ్చిన ఆయువు, అది కొద్దిదైనా కావచ్చు, ఎక్కువైనా కావచ్చు. 1997లో కన్నుమూసిన ఫ్రాన్స్ దేశస్థురాలు జీన్ కాల్మెంట్ 122 ఏళ్లు బతికినట్టు నమోదైంది. ఆమెది దీర్ఘాయువు, ఆ దేశ ప్రజలందరికీ కలిపి లెక్కగట్టేది ఆయుర్దాయం.

రెండవ జవాబు:
వస్తువులకు మనకు ‘మన్నిక’ అనే చక్కని మాట ఉంది. మా నాయనమ్మ బట్టల కొట్లో చీర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, వెలుతురుకు ఎత్తి పట్టి చూసి, ‘ఇది మన్నదమ్మా’ అని పక్కన పెట్టేసేది. మనుట అంటే జీవించడమే కనుక, మనుగడ, మన్నిక అన్న మాటల్లో ప్రాణమున్న ధ్వని ఇప్పటికీ వినిపిస్తుందని నాకు అనిపిస్తుంది. బ్యాటరీ విషయంలో మాత్రం ‘ఎన్నాళ్లు వస్తుంది’ అని రాయండి. ఇంట్లో అందరమూ అడిగేది అలాగే.

మూడవ జవాబు:
ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ‘నిండు నూరేళ్లు వర్ధిల్లు’ అన్నది దీవెన. ‘నూరేళ్లు నిండాయి’ అంటే మాత్రం, వయసు ఇరవై అయినా సరే, ఆయువు తీరిందని అర్థం. ‘భూమ్మీద నూకలు చెల్లాయి’ అన్నా అంతే. ప్రమాదం తప్పించుకున్నవారిని చూసి ‘ఇంకా నూకలున్నాయి’ అని ఊపిరి పీల్చుకుంటాం. అందువల్ల శతవృద్ధుల గురించి రాసేటప్పుడు ‘నూరేళ్లు దాటినవారు’ అనండి.

అడిగినవారు:
మీ అందరికీ కృతజ్ఞతలు. మూడో అధ్యాయం శీర్షికగా ‘నూరేళ్లు నిండిన తల్లులు’ అని పెట్టి ఉన్నాను. ఇప్పుడే మార్చాను.