కౌన్సెలింగ్ ‘ఇస్తారా’, ‘చేస్తారా’?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. సోషల్ వర్క్ చదివే పిల్లల కోసం కౌన్సెలింగ్ పాఠాలు తెలుగులో రాస్తున్నాను. ఒక్క క్రియ దగ్గర కలం ఆగిపోయింది. మాటల్లో మనమంతా "కౌన్సెలింగ్ ఇచ్చారు", "ఇప్పించారు" అంటాం. పాఠంలోనూ అలాగే రాస్తే, సలహా చేతిలో పెట్టడం కౌన్సెలింగ్ కాదని పాఠం చెప్పదలచుకున్న దానికే అది అడ్డం వస్తోంది. పాఠ్యపుస్తకాల్లో ‘మంత్రణం’ అని ఉంది గానీ పిల్లల నోట ఆ మాట రావడం లేదు. ఏం రాయమంటారు?

జవాబు:
‘ఇవ్వడం’ పాతుకుపోయిందండీ. మందు ఇస్తారు, సలహా ఇస్తారు, ధైర్యం ఇస్తారు, కౌన్సెలింగూ ఇస్తారు. "పట్టుబడిన యువకులకు పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి పంపించారు" అని పేపర్లో చదివితే, గట్టిగా మందలించారనే అర్థమవుతుంది. సీట్ల కేటాయింపూ కౌన్సెలింగే. పాఠం మొదట్లో ఈ తేడా ఒక వాక్యంలో చెప్పేస్తే పోదా?

మరో జవాబు:
ఒక వాక్యంతో పోదనుకుంటాను. ఎందుకంటే మీరు అడిగిన ఈ క్రియ మీదే ఆ రంగంలో ఒకప్పుడు పెద్ద వాదమే నడిచింది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో విలియమ్సన్ అనే ఆయన ఉండేవారు. సమస్యను పరిశీలించి, కారణం తేల్చి, ఏం చేయాలో చెప్పడమే కౌన్సెలర్ పని అన్నది ఆయన పద్ధతి. మన పాఠ్యపుస్తకాల్లో ‘నిర్దేశిత మంత్రణం’ అంటారే, అదే. అక్కడ ‘ఇవ్వడం’ చక్కగా అతుకుతుంది. 1940 డిసెంబరులో మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ అదే విశ్వవిద్యాలయానికి వెళ్లి, దీనికి ఎదురు నిలిచే ప్రసంగం చేశారు. దారి వెతుక్కునే శక్తి వచ్చిన మనిషిలోనే ఉంటుందని, ఆ శక్తి పైకి వచ్చేలా తోడు నిలవడమే కౌన్సెలర్ పని అని ఆయన వాదన. 1957 వ్యాసంలో కౌన్సెలర్ వైపు నుంచి కావలసినవాటిని చెబుతూ మూడింటిని ముఖ్యం చేశారు: లోపలొకటి బయటొకటి లేకుండా ఉండటం, షరతులు పెట్టకుండా ఆదరించడం, ఎదుటివారి లోకాన్ని వారి కళ్లతో చూడటం. ఈ మూడింటిలో చేతికిచ్చే వస్తువు ఏదీ లేదు చూడండి.

ఇక నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ‘ఇచ్చు’ కాదు, ‘విను’. తెలుగులో వినడం అంటే చెవిన వేసుకోవడమూ అవుతుంది, చెప్పినట్టు చేయడమూ అవుతుంది. కౌన్సెలర్ గదిలోకి ఒక తండ్రి, పదహారేళ్ల కొడుకు వచ్చారనుకోండి. తండ్రి అంటాడు: "వీడు నా మాట వినడు." కొడుకు అంటాడు: "నాన్న నా మాట వినడు." వాక్యం ఒకటే. తండ్రి చెబుతున్నది కొడుకు లొంగడం లేదని. కొడుకు చెబుతున్నది తన మాట నాన్న చెవికే ఎక్కడం లేదని. అక్కడ "పెద్దవాళ్లు నీ మంచికే చెబుతారు నాయనా, విను" అన్నారంటే కౌన్సెలర్ తండ్రి అర్థం వైపు వెళ్లిపోయినట్టే, కుర్రాడు నోరు మూసేసుకుంటాడు. "నువ్వు చెప్పేది చివరిదాకా ఎవరూ వినడం లేదని అనిపిస్తోందా?" అని అడిగి ఆగితే, రెండో వాక్యం వాడే చెబుతాడు. పాఠంలో ఈ సంభాషణే పెట్టండి, నిర్వచనం తర్వాత రాసుకోవచ్చు.

వయసు సంగతి కూడా ఇక్కడే వస్తుంది. మనిషి ఎదుగుదలలో మనస్తత్వవేత్త ఎరిక్ ఎరిక్సన్ 1950లో వివరించిన ఎనిమిది దశల్లో ఐదోది కౌమారం. ‘నేనెవరు’ అన్న ప్రశ్నతో పెనుగులాడే వయసు. మరో మనస్తత్వవేత్త జేమ్స్ మార్షియా 1966లో దీన్ని ఇంకా విడమరిచారు: వెతుకులాట జరిగిందా, ఒక నిర్ణయానికి కట్టుబడటం జరిగిందా అని రెండూ చూసి నాలుగు స్థితులు చెప్పారు. వెతకకుండానే పెద్దవాళ్లు చూపించినదానికి కట్టుబడిపోవడం అందులో ఒకటి. పైకి స్థిరంగానే కనిపిస్తుంది, కానీ ఆ నిర్ణయం అరువు తెచ్చుకున్నది. ఆ వయసు వాళ్లకు కౌన్సెలింగ్ ‘ఇచ్చేస్తే’ ఆ పెనుగులాటను మనమే మధ్యలో తెంపేసినవాళ్లమవుతాం. అందుకే క్రియ గురించి నాకింత పట్టుదల.

మరో జవాబు:
‘మంత్రణం’ పిల్లల నోట రావడం లేదన్నారు. దాని వికృతి మన దగ్గరే ఉంది కదా, ‘మంతనం’. ఏకాంతంగా కూర్చుని మాట్లాడుకోవడం. నాలుగు గోడల మధ్య మాట అన్న ఛాయ అందులో పుట్టుకతోనే ఉంది. కేస్‌వర్క్ (ఒక్కొక్కరితో విడిగా కూర్చుని సాయం చేసే సోషల్ వర్క్ పద్ధతి) సంబంధానికి ఫెలిక్స్ బీస్టెక్ 1957లో చెప్పిన ఏడు సూత్రాల్లో గోప్యత ఒకటి. పైగా మంతనం ‘ఇవ్వరు’, ‘ఆడతారు’, ఇద్దరూ కలిసి.

జవాబు:
మాట అందంగానే ఉందండీ, కానీ ఇవాళ ‘మంతనాలు’ అంటే పార్టీల మధ్య తెరవెనుక బేరాలే గుర్తొస్తాయి. బాధలో ఉన్న మనిషిని మంతనాలకు రమ్మనలేం. బీస్టెక్ సూత్రాలకు మాత్రం మన నుడికారంలో మంచి మాటలున్నాయి. భావాలను బయటపెట్టనివ్వడమంటే గోడు వెళ్లబోసుకోనివ్వడం. గోప్యత అంటే విన్నది కడుపులో పెట్టుకోవడం. మధ్య మధ్య ‘ఊఁ’, ‘తర్వాత?’ అంటూ మాట సాగనివ్వడానికి కొత్త పేరెందుకు, ఊ కొట్టడమే. అది చిన్న పని కాదు. ఊ కొట్టేవారు లేకపోతే కథ ఆగిపోతుందని కథ విన్న ప్రతి పిల్లవాడికీ తెలుసు.

ఒక జాగ్రత్త. ‘చెప్పేవాడికి వినేవాడు లోకువ’ అనే సామెత మనలో చాలా లోతుగా ఉంది. చెప్పడం పెద్దరికం, వినడం చిన్నతనం అన్న లెక్క అది. కొత్తగా కౌన్సెలింగ్ నేర్చుకునేవాళ్లు మౌనంగా ఉండలేక సలహాలు గుప్పించడానికి ఇదీ ఒక కారణం అనిపిస్తుంది నాకు.

మరో జవాబు:
అందరూ వినడం వైపే మొగ్గుతున్నారు కాబట్టి ఒక మాట. ప్రాణం తీసుకుంటానన్న మనిషి ముందు కూర్చుని ఊ కొడితే చాలదు. సూటిగా అడగాలి, భద్రత చూడాలి, అవసరమైతే ఇంకొకరికి చెప్పాలి. పసివాళ్ల మీద హింస జరుగుతోందని తెలిసినా అంతే, అక్కడ కడుపులో పెట్టుకోకూడదు. స్వయంనిర్ణయానికి, అంటే తన దారి తానే ఎంచుకోవడానికి, హద్దులుంటాయని బీస్టెక్ కూడా అన్నారు. ఇక చట్టం ఏం చెబుతోంది, సాయం ఎక్కడ దొరుకుతుంది లాంటి సమాచారం ‘ఇవ్వాల్సిందే’. కాబట్టి ‘ఇవ్వడం’ అన్న మాటను పాఠంలోంచి పూర్తిగా తీసేయకండి.

అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఇలా రాస్తున్నాను, చూడండి. సమాచారం ఇస్తారు. భరోసా ఇస్తారు. కౌన్సెలింగ్ మాత్రం చేస్తారు. వచ్చినవారి వైపు నుంచి ‘కౌన్సెలింగ్‌కు వెళ్లారు’, ‘కౌన్సెలింగ్‌లో మాట్లాడారు’ అంటాను, ‘తీసుకున్నారు’ అనను. ‘మంత్రణం’ పరీక్షల్లో కనిపిస్తుంది కాబట్టి ఒకసారి పరిచయం చేసి వదిలేస్తాను. తండ్రీకొడుకుల ‘వినడు’ మొదటి పేజీలోనే పెడుతున్నాను. ఇక మిగిలింది ‘క్లయింట్’. ‘లబ్ధిదారు’ అంటే మళ్లీ పుచ్చుకునే మనిషే అయిపోతారు. మీకేమైనా తడితే రాయండి, అప్పటిదాకా ‘వచ్చినవారు’ అనే రాస్తాను.