కురుక్షేత్రానికి ద్రౌపది కారణమా? ఇతిహాసాల్లో స్త్రీలు రాజకీయం నడిపారా, నింద మోశారా?

విదుల:

"రామాయణం కైక వల్ల జరిగింది, భారతం ద్రౌపది వల్ల జరిగింది" అనే మాట చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. గ్రీకు కథ తెలిసినవాళ్లు ఆ వరుసలో, ట్రాయ్ యుద్ధానికి కారణమని చెప్పే హెలెన్‌ని కూడా చేరుస్తారు. ఈ మాట తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను. అలాగని "ఆడవాళ్లు పాపం ఏమీ చేయలేదు, అంతా మగవాళ్లే చేశారు" అనే జవాబు కూడా నాకు సరిపోదు. చేశారు. చాలా చేశారు. ఎలా చేశారన్నదే ఇక్కడ మాట్లాడుకోవాలి.

నాకు కనిపించినది ఇది. వాళ్ల చేతిలో సైన్యం లేదు, సింహాసనం లేదు. ఉన్నదల్లా మగవాళ్లు ఇచ్చిన మాట. వరం, ప్రతిజ్ఞ, కన్యాశుల్కం, ఏదైనా కానీ, ఒక రాజు ఎప్పుడో తన అవసరం కొద్దీ మాట ఇచ్చేస్తాడు. కొన్నేళ్ల తర్వాత ఒక స్త్రీ వచ్చి ఆ మాట చెల్లించమంటుంది. అప్పుడు లోకమంతా అడిగినవాళ్లని తిడుతుంది కానీ ఇచ్చినవాణ్ని కాదు.

కైకనే చూడండి. అందరికీ రెండు వరాలే గుర్తుంటాయి. కానీ చిత్రకూటంలో రాముడు భరతుడితో చెప్పిన ఇంకో మాట వాల్మీకంలో ఉంది: మన తండ్రి మీ అమ్మను పెళ్లాడేటప్పుడు మీ తాతగారికి రాజ్యాన్నే శుల్కంగా ఇస్తానని మాటిచ్చాడు అని. అంటే భరతుడి హక్కు మంథర పుట్టించిన దురాశ కాదు, పెళ్లినాటి ఒప్పందం. మరి దశరథుడు ఏం చేశాడు? భరతుడు మేనమామ ఇంట్లో ఉండగానే పట్టాభిషేకం పెట్టుకున్నాడు. పైగా "భరతుడు ఊళ్లో లేని ఈ సమయమే నీ పట్టాభిషేకానికి తగినదని నాకనిపిస్తోంది" అని రాముడితో నోరు విప్పి చెప్పాడు కూడా. ఆ తొందరలోనే అంతా ఉంది. పద్నాలుగేళ్ల వనవాసం అడగడం క్రూరం, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ రాజకీయం మొదలైంది కోపగృహంలో కాదు.

మీరేమంటారు?

ధర్మసూక్ష్మం:

విదుల గారూ, కైక సంగతి ఒప్పుకుంటాను. కానీ మీ సూత్రం మొత్తానికి నేను ఒప్పుకోను. మాట చెల్లించమని అడగడం ప్రభావమే కావచ్చు, అధికారం మాత్రం కాదు. ఈ రెండూ కలిపేస్తే ఇతిహాసం వాళ్లకు చేసిన అన్యాయం కనిపించకుండా పోతుంది.

ఒక్కొక్కరి సలహా ఏమైందో చూడండి. గాంధారి రెండో జూదానికి ముందే భర్తతో చెప్పింది, ఈ కొడుకుని వదిలెయ్యి, వంశం నిలుస్తుంది అని. వంశం పోతే పోనీ, నేను ఆపలేను అన్నాడు ధృతరాష్ట్రుడు. కృష్ణుడు రాయబారం వచ్చినప్పుడు, దుర్యోధనుడు సభలోంచి లేచిపోతే, ఆమెను పిలిపించి మరీ చెప్పించారు. ఆమె ముందు భర్తనే తప్పుపట్టింది, ఆ తర్వాత కొడుక్కి రాజనీతి చెప్పింది. అతను మళ్లీ లేచి వెళ్లిపోయాడు, కృష్ణుణ్ని బంధించే ఆలోచన చేశాడు. తార వాలికి చెప్పింది, సుగ్రీవుడు ఊరికే తిరిగి రాడు, వెనక రాముడున్నాడు, వెళ్లొద్దు అని. వాలి వెళ్లాడు, చచ్చాడు.

ట్రాయ్ యుద్ధం మీద గ్రీకు కావ్యం ఇలియడ్‌లోనూ ఇంతే. ఆండ్రొమకీ ఏడుస్తూనే తన భర్త, ట్రాయ్ యువరాజు హెక్టరుకి యుద్ధానికి పనికొచ్చే సలహా ఇస్తుంది: అత్తిచెట్టు దగ్గర గోడ ఎక్కడం సులువు, శత్రువులు అక్కడ ఇప్పటికే మూడుసార్లు ప్రయత్నించారు, సేనను అక్కడ నిలబెట్టు అని. అతను ఏమన్నాడు? ఇంటికి వెళ్లి మగ్గం పని చూసుకో, యుద్ధం మగవాళ్ల సంగతి అన్నాడు. హెక్టరు చెడ్డవాడు కూడా కాదు, ఆ కావ్యంలో భార్యను అంత ప్రేమించినవాడు ఇంకొకడు లేడు. అయినా అంతే.

తెలివి వాళ్లది, నిర్ణయం ఇంకొకరిది. దాన్ని రాజకీయం నడపడం అంటామా?

కొత్తచదువరి:

నాదొక చిన్న సందేహం. మయసభలో దుర్యోధనుడు నీళ్లలో పడితే ద్రౌపది నవ్వి "గుడ్డివాడి కొడుకు గుడ్డివాడే" అందని, అందుకే పగ పెరిగిందని అందరూ అంటారు కదా. అది నిజమైతే యుద్ధానికి ఆమె కొంతైనా కారణం అయినట్టే కదండీ?

పాతప్రతి:

ఈ సందేహం అడిగినందుకు సంతోషం. దీని మీద ఎంతోమంది మనసులో తప్పు ముద్ర పడిపోయింది.

ఆ "గుడ్డివాడి కొడుకు" మాట వ్యాసుడి మహాభారతంలో లేదు. నాటకాలూ, సినిమాలూ, టీవీ సీరియళ్లూ ఆ మాటను ఇంటింటికీ చేర్చాయి. ఇక నవ్వు సంగతి. సభాపర్వంలో ఆ ఘట్టాన్ని కవి తానుగా చెప్పేటప్పుడు నవ్వినవాళ్లు భీముడు, అర్జునుడు, కవలలు, సేవకులు. ద్రౌపది పేరు అక్కడ లేదు. ఆమె పేరు వచ్చేది తర్వాత, దుర్యోధనుడు తండ్రి దగ్గరకెళ్లి బాధ వెళ్లబోసుకునేటప్పుడు. కృష్ణుడూ అర్జునుడూ నవ్వారు, ద్రౌపది కూడా ఆడవాళ్లతో కలిసి నవ్వి నా మనసు నొప్పించింది అంటాడు.

ఈ తేడా చిన్నది కాదు. జరిగినదాన్ని కవి చెప్తే ఒకలా ఉంది, పగబట్టినవాడు చెప్తే అందులోకి ఒక ఆడమనిషి నవ్వు వచ్చి చేరింది. విదుల గారు అడిగిన "నింద" ఎలా పుడుతుందో కావ్యం లోపలే కనిపిస్తోంది. మనం రెండు వేల ఏళ్లుగా దుర్యోధనుడి ఫిర్యాదునే కథగా చెప్పుకుంటున్నాం అనిపిస్తుంది నాకు.

ధర్మసూక్ష్మం గారికి ఒక మాట. తార విషయంలో మీరు కథ సగంలో ఆపేశారు. చనిపోతూ వాలి సుగ్రీవుడితో ఏమన్నాడో కూడా చెప్పాలి. సూక్ష్మమైన విషయాలు తేల్చడంలో తార నేర్పరి, ఆమె మంచిదని చెప్పిన పని అనుమానం లేకుండా చెయ్యి అన్నాడు. తన విషయంలో వినని మాట విలువ ప్రాణం పోయేటప్పుడు తెలిసింది. ఆ తర్వాత లక్ష్మణుడు కోపంతో కిష్కింధ మీదకి వస్తే సుగ్రీవుడు ముందుగా పంపింది ఎవర్ని? తారనే. ఆ రోజు ఆమె మాట్లాడకపోతే రామసుగ్రీవుల పొత్తు ఏమై ఉండేదో. అది ఏడుపు కాదు, దౌత్యం.

విదుల:

పాతప్రతి గారూ, ధన్యవాదాలు. నవ్వు గురించి నాకూ ఇంత స్పష్టంగా తెలియదు.

ధర్మసూక్ష్మం గారూ, సలహా వినలేదు కాబట్టి అధికారం లేదు అంటే, భీష్ముడి సలహా, విదురుడి సలహా కూడా ఎవరూ వినలేదు. వాళ్లకు రాజకీయంలో చోటు లేదని మనం అనం కదా.

నేను ద్రౌపది సభాఘట్టం దగ్గర కాసేపు ఆగాలనుకుంటున్నాను. ఆమె అడిగినది న్యాయం కోసం మొర కాదు, ఒక చట్టపు ప్రశ్న. రాజు ముందు తన్ను ఓడాడా, నన్ను ఓడాడా? తన్ను ముందు ఓడినవాడికి నన్ను ఒడ్డే హక్కు ఉందా? ఆ ప్రశ్నకి భీష్ముడి అంతటివాడు ధర్మం సూక్ష్మం, తేల్చలేను అన్నాడు. వికర్ణుడు, అదీ కౌరవుల్లో ఒకడు, లేచి ఆమె ఓడిపోలేదన్నాడు. ఒక్క ప్రశ్నతో ఆ సభ రెండుగా చీలింది.

తర్వాత ధృతరాష్ట్రుడు వరాలు కోరుకోమంటే మొదటి దానితో ధర్మరాజుని, రెండో దానితో మిగిలిన నలుగురినీ ఆయుధాలతో సహా విడిపించింది. మూడోది ఇస్తానంటే వద్దంది. క్షత్రియ స్త్రీకి రెండే వరాలు తగును అంది. రాజ్యం అడగలేదు. ఆయుధాలు చేతికొచ్చాక నా భర్తలు మిగతాది చూసుకుంటారు అన్న లెక్క అది. ఇది చూసి కర్ణుడు, అంతకుముందే ఆమెను నోటికొచ్చినట్టు అన్నవాడు, మునిగిపోతున్న పాండవులకు పాంచాలి ఒడ్డు చేర్చే నావ అయ్యింది అన్నాడు. ఎగతాళిగానే అన్నా అది నిజం. శత్రువుకి అర్థమైనది మనకి ఎందుకు అర్థం కాదు?

ధర్మసూక్ష్మం:

ఆ ఘట్టం గొప్పదే, నేనూ కాదనను. కానీ వరాలు ఎందుకు వచ్చాయో కూడా చెప్పాలి. ధృతరాష్ట్రుడి హోమశాలలో నక్క ఊళపెట్టింది, గాడిదలు ఓండ్రపెట్టాయి, గాంధారీ విదురుడూ భయపడి చెప్పారు, అప్పుడు ఆయన దిగొచ్చాడు. ఆమె ప్రశ్నకి సభ చివరిదాకా జవాబే చెప్పలేదు. ఆమె గెలవలేదు, రాజు భయపడ్డాడు. పైగా ఆ విడుదల ఎంతసేపు నిలిచింది? దారిలో ఉండగానే మళ్లీ పిలిచారు, మళ్లీ జూదం, పన్నెండేళ్ల అడవి, ఆపైన ఏడాది అజ్ఞాతవాసం.

విధి సంగతి కూడా ఎవరూ ఎత్తలేదు. యజ్ఞవేదిలోంచి ద్రౌపది పుట్టగానే ఆకాశవాణి చెప్పేసింది, ఈమె వల్ల క్షత్రియనాశనం జరుగుతుందని. ఇక ఆమె ఏం చేసినా ముందే రాసి ఉన్నదే. ట్రాయ్ గోడ మీద ఆ ఊరి రాజు ప్రయాం హెలెన్‌తో కూడా అదే అంటాడు, తప్పు నీది కాదు, దేవతలది అని. ఓదార్పుగానే అన్నాడు కానీ ఆ మాటతో ఆమె చేతిలో ఏమీ లేదని కూడా తేల్చేశాడు. విధి చేతిలో పనిముట్టుకి రాజకీయం ఏమిటండీ?

పాతప్రతి:

విధి మగవాళ్లకీ ఉంది కదండీ. దుర్యోధనుణ్ని కలి అంశ అన్నారు. అయినా అతను పనిముట్టు అని చెప్పి ఎవరూ అతని నిర్ణయాలు కొట్టిపారెయ్యరు. సూదిమొన మోపినంత నేల ఇవ్వననడం అతని నిర్ణయమే అంటాం. ఆడవాళ్ల దగ్గరకి వచ్చేసరికి మాత్రం విధి ఎందుకు గుర్తొస్తుంది?

సత్యవతి గురించి ఎవరూ మాట్లాడలేదు, నాకైతే ఈ చర్చ అంతా ఆమె దగ్గరే తేలాలి. మొదట శంతనుడితో ఆమె పెళ్లి బేరంలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. తండ్రి దాశరాజు షరతులు పెట్టాడు, దేవవ్రతుడు, అంటే భీష్ముడు, ప్రతిజ్ఞ చేశాడు. ఆ రోజు ఆమె ధర్మసూక్ష్మం గారు చెప్పినట్టే ఉంది, నోరు లేని మనిషి. కానీ ఇద్దరు కొడుకులూ పిల్లలు లేకుండా పోయాక చూడండి. రాజ్యం తీసుకో, పెళ్లి చేసుకో అని భీష్ముడితో తనే అంది, తన కోసం చేసిన ప్రతిజ్ఞనే పక్కన పెట్టమంది. అతను ఒప్పుకోలేదు. అప్పుడు పెళ్లికి ముందు పరాశరుడి వల్ల పుట్టిన వ్యాసుణ్ని పిలిపించింది. తన గతాన్ని భీష్ముడి ముందు తనే బయటపెట్టింది. అలా ధృతరాష్ట్రుడూ పాండురాజూ పుట్టారు.

ఆ తర్వాత హస్తినాపుర సింహాసనం మీద కూర్చున్న ఆ ఇద్దరిలోనూ శంతనుడి నెత్తురు లేదు, సత్యవతి నెత్తురు ఉంది. తన పిల్లలే రాజులవ్వాలన్న తండ్రి షరతుని, అందరూ అసాధ్యమనుకున్నాక, ఆమె తన దారిలో నెరవేర్చింది. ఇది ప్రభావమా, అధికారమా?

కొత్తచదువరి:

కానీ ఆ పని కోసం కోడళ్లు అంబికనీ అంబాలికనీ బలవంతపెట్టింది కదా. ఒకామె భయంతో కళ్లు మూసుకుంది, ఇంకొకామె పాలిపోయింది. ఆ భయమే గుడ్డి రాజుగా, పాండురాజుగా పుట్టింది. రెండోసారి పంపితే అంబిక దాసిని పంపించింది, అలా విదురుడు పుట్టాడు. నాకు అది చదివినప్పుడల్లా మనసు కలిచివేస్తుంది. అధికారం చేతికొచ్చిన స్త్రీ దాన్ని మరో స్త్రీ మీదే వాడింది.

విదుల:

అవును. ఇది నేను ఆలోచించని కోణం. మాట చెల్లించమనే స్త్రీల గురించి రాశాను కానీ, చెల్లింపు పడినదీ స్త్రీల మీదే అన్నది వదిలేశాను. కుంతి కూడా కొంత అంతే. తన యుద్ధ సందేశాన్ని కృష్ణుడి ద్వారా కొడుకులకి పంపింది, క్షత్రియ స్త్రీ దేనికోసం కంటుందో ఆ కాలం వచ్చింది అంది. ఆ మాటల మూల్యం స్త్రీపర్వంలో గాంధారీ, ఉత్తరా, ద్రౌపదీ అందరూ చెల్లించారు. ద్రౌపదికి ఐదుగురు కొడుకులూ పోయారు.

ధర్మసూక్ష్మం:

సత్యవతి విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. అది అధికారమే. కానీ ఒకటి గమనించండి. పాండురాజు పోయాక, రాబోయే రోజులు ఘోరంగా ఉంటాయని వ్యాసుడు చెప్పగానే, ఆమె ఇద్దరు కోడళ్లనీ తీసుకుని అడవికి వెళ్లిపోయింది. వంశాన్ని నిలబెట్టినామె దాని నాశనం చూడకుండా తప్పుకుంది. అది ఓటమో, తెలివో నేను తేల్చుకోలేకపోతున్నాను.

పాతప్రతి:

మగ్గం గురించి మీరు మొదట అన్నది ఇంకా నా మనసులో ఉంది. హెక్టరు ఆండ్రొమకీతో అన్న మాటలనే, దాదాపు అవే పదాల్లో, మరో గ్రీకు కావ్యం ఒడిసీలో టెలిమాకస్ తన తల్లి, ఇథాకా రాణి పెనెలొపీతో అంటాడు: వెళ్లి మగ్గం చూసుకో, మాట్లాడటం మగవాళ్ల పని అని. కానీ ఆ మగ్గం మీదే ఆమె పగలు నేసి రాత్రి విప్పుతూ మూడేళ్ల పాటు, తనని పెళ్లాడాలని వచ్చి కూర్చున్న నూట ఎనిమిది మందిని ఆపింది. ఇథాకా రాజ్యం ఎవరి చేతిలోకీ పోకుండా అంతకాలం నిలిచింది ఆ నేతలోనే. పొమ్మన్న చోట కూర్చునే ఆమె ఆ పని చేసింది.