కణాలు అంటుకుంటాయా, అతుక్కుంటాయా, పట్టుకుంటాయా?

అనువాదకురాలు: సీ అర్చిన్ (ఒళ్ళంతా ముళ్ళుండే గుండ్రటి సముద్రజీవి) పిండం మీద ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ఈ వాక్యం కుదరడం లేదు: «పిండం ఎదుగుదలలో చక్కెరలు కణాలను అతికిస్తాయి.» "చక్కెరలు" అనవచ్చా? "అతికిస్తాయి" సరిపోతుందా?

నిఘంటుప్రియ: చక్కెర, బెల్లం, ఉప్పు తూకపు సరుకులండీ. మాటల్లో వాటికి "లు" చేర్చం. కానీ ఇక్కడ మానోజ్, గాలక్టోజ్, ఫ్యూకోజ్ అని రకాలున్నాయి కాబట్టి "శర్కరలు" బాగుంటుంది. సామాన్య పాఠకుల కోసమైతే "చక్కెర జాతి పదార్థాలు" అనండి. "పిండిపదార్థాలు" మాత్రం వద్దు, అన్నం, గంజి గుర్తొస్తాయి. ఇక్కడ శర్కర తిండి కాదు కదా.

కణాలు పట్టుకుని ఉండటానికి శాస్త్రనామం కావాలంటే "ఆసంజనం". మొదటి అక్షరానికి దీర్ఘం ఉండాలి. "అసంజనం" అని రాస్తే అంటకపోవడమనే అర్థం వస్తుంది.

పిండశాస్త్రం: నా అభ్యంతరం క్రియ మీద. అతికించడమంటే మధ్యలో జిగురు ఉండాలి, అది దేన్నయినా అతికిస్తుంది. ఇక్కడ జరిగేది వేరు. కణత్వచంలోని ప్రోటీన్లకూ కొవ్వులకూ చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి. ఎదుటి కణం మీదుండే లెక్టిన్ లాంటి ప్రోటీన్ తనకు సరిపడిన గొలుసునే గుర్తుపట్టి పట్టుకుంటుంది. తాళంచెవి ఒక తాళానికే పట్టినట్టు. అందుకే "పట్టు" అనే మాట నయం.

వాక్యం మరీ పెద్ద మాట కూడా అంటోంది. కణాల మధ్య ప్రధానమైన పట్టు కాల్షియం కావలసిన కాడ్‌హెరిన్ ప్రోటీన్లది. కాల్షియం లేని సముద్రపు నీటిలో సీ అర్చిన్ పిండకణాలు విడిపోతాయని కుర్ట్ హెర్బ్‌స్ట్ 1900లోనే చూపించాడు. చక్కెర పాత్ర కొన్ని ఘట్టాల్లో బయటపడుతుంది. శుక్రకణం మీది బైండిన్ ప్రోటీన్ (వాకియర్, మోయ్ 1977లో వేరుచేశారు) అండం పైపొరలోని చక్కెర గొలుసులను పట్టుకుంటుంది. ప్రోటీన్లకు ఆ గొలుసులు చేరకుండా ట్యూనికామైసిన్ అనే మందు అడ్డుకుంటే, పిండం గోడ లోపలికి ముడుచుకుని తొలి పేగు ఏర్పడే గాస్ట్రులా దశ ముందుకు సాగదు. నీటిలో సల్ఫేట్ లేకపోతే ప్రాథమిక మీసెన్‌కైమ్ కణాలు (గోడ నుంచి విడివడి ముందుగా పిండం లోపలికి దిగేవి) తమ చోట్లకు సరిగా వెళ్ళవు. ఆ కణాలు పాకే దారిలో సల్ఫేట్ చేరిన శర్కరలు ఉండాలి మరి.

అనువాదకురాలు: వ్యాసంలో "తొలి పేగు పైకప్పును తాకడం" అని ఉంది. అది చక్కెర పనేనని ఎలా తేలుస్తారు?

పిండశాస్త్రం: పేగు కొన దగ్గరి ద్వితీయ మీసెన్‌కైమ్ కణాలు (వాటి తర్వాత పేగు కొన నుంచి వచ్చేవి) సన్నని పోగులు చాచి, ఎదురుగా ఉన్న గోడను పట్టుకుని పేగును లాగుతాయి. ఆ పట్టులో ఒక శర్కర పాత్ర ఉందేమో చూడాలంటే, అదే శర్కరను విడిగా నీటిలో కలుపుతారు. గుర్తించే ప్రోటీన్ ఆ విడి అణువులతో నిండిపోతే పోగుకు పట్టు దొరకదు.

లెక్క చెప్తాను. 100 మి.లీ. లో 0.1 మోలార్ గాఢత (లీటరుకు 0.1 మోల్) కావాలంటే మానోజ్ 1.8 గ్రాములు పడుతుంది. దాన్ని నేరుగా సముద్రపు నీటిలో కరిగిస్తే ద్రవాభిసరణ పీడనం దాదాపు పదో వంతు పెరుగుతుంది. పిండం ముడుచుకుంటే తప్పు చక్కెర మీదికి పోతుంది. అందుకని 1 మోలార్ శర్కర ద్రావణం 1 పాలు, సముద్రపు నీరు 9 పాళ్ళు కలపడం మేలు. కానీ అప్పుడు కాల్షియం కూడా పదో వంతు తగ్గుతుంది. పోలిక గిన్నెలోనూ అంతే పలుచన చేసి, వేరే శర్కర అంతే గాఢతతో వేయాలి. ఉత్త సముద్రపు నీటితో మాత్రమే పోల్చిన ప్రయోగాన్ని నేను నమ్మను.

పిండాలన్నీ ఒకే జంటవి కావాలి. శర్కరను పేగు కొన గోడను తాకకముందే చేర్చాలి. తియ్యని నీటిలో బాక్టీరియా త్వరగా పెరుగుతుంది, మబ్బు పట్టిన గిన్నెను లెక్కలోంచి తీసేయాలి. పేగు తాకలేదని తొందరపడి రాయకూడదు, ఎదుగుదల మందగించి ఉండవచ్చు. పోలిక గిన్నెలో పని ముగిశాక ఇంకొంత సేపు ఆగి మళ్ళీ చూడాలి.

నిఘంటుప్రియ: అయితే "పట్టు దొరకదు", "పట్టు తప్పింది" అన్నవి ప్రయోగ వర్ణనలోనూ సరిపోతున్నాయి. "అంటు" అంటే రోగమూ మామిడి అంటూ అడ్డొస్తాయి, "అతుకు" అంటే చిరుగుకు వేసేది గుర్తొస్తుంది.

అనువాదకురాలు: ఇలా మార్చాను: «సీ అర్చిన్ పిండంలో కొన్ని కణాలు ఒకదాన్నొకటి గుర్తించి పట్టుకోవడానికి వాటి పైనున్న శర్కర గొలుసులు తోడ్పడతాయి.»

పిండశాస్త్రం: బాగుందమ్మా. "కొన్ని" తీసేయకండి. "గుర్తించి" కూడా ఉండాలి, అది పోతే వాక్యం మళ్ళీ జిగురు అర్థంలోకి వెళ్ళిపోతుంది.