అప్‌డేట్: వెనీర్ ప్యానెల్ పేటెంట్ దరఖాస్తుపై వచ్చిన అభ్యంతరం

హెచ్‌డీఎఫ్ బోర్డుపై (చెక్క నారను గట్టిగా అదిమి చేసే పలక) చెక్కపొడి, మెలమైన్ రెసిన్ పొడి కలిపి పరచి, దానిపై పలుచని వెనీర్ (చెక్క రేకు) ఉంచి హాట్ ప్రెస్‌లో అతికించే పద్ధతికి ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగంలోని వారికి తేలిగ్గా తట్టని కొత్తదనం) లేదని పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ అభ్యంతరం చెప్పారని, ఏమని జవాబివ్వాలని లోగడ మిమ్మల్ని అడిగాను.

ఒక పాత పత్రంలో పొడి పొర, మరొక దానిలో జిగురుతో అతికించిన వెనీర్ ఉన్నాయి కనుక, రెండింటినీ కలపడం ఈ రంగంలో నైపుణ్యమున్న ఎవరికైనా తట్టేదేనన్నది ఆయన వాదన. మీ సలహా ప్రకారం మొదటి క్లెయిమ్‌ను (దేనిపై హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాన్ని) సవరించి, ప్రెస్ వేడికి కరిగిన రెసిన్ చెక్కపొడిని వెంటబెట్టుకుని వెనీర్ పగుళ్లలోకి, ముడుల దగ్గరి రంధ్రాలలోకి ఎక్కి వాటిని నింపడాన్ని అందులో చేర్చాను. జిగురు పొర వెనీర్‌ను పట్టి ఉంచుతుందే తప్ప వెడల్పాటి పగులును పూడ్చదని, ఆ పత్రాలు రెండింటిలోనూ పగుళ్ల ప్రస్తావనే లేదని వాదించాను. ఈ వివరం మొదట దాఖలు చేసిన వివరణలోనే ఉండటం కలిసివచ్చింది. లేకుంటే కొత్త విషయం చేర్చారని సవరణనే తిరస్కరించేవారు.

ఆ అభ్యంతరాన్ని ఎగ్జామినర్ ఉపసంహరించుకున్నారు. క్లెయిమ్ పరిధి కొంత తగ్గిన మాట నిజమే కానీ, నా దృష్టిలో అసలు విలువ ఆ పగుళ్లు పూడటంలోనే ఉంది. ప్రెస్ ఒత్తిడికి హద్దులు పేర్కొనమన్న స్పష్టత అభ్యంతరం ఒక్కటే మిగిలింది. వివరణలోని పరిధినే క్లెయిమ్‌లోకి తెచ్చి జవాబు పంపుతున్నాను.