డిస్నీ వరల్డ్: క్రిస్మస్ వారంలో అమ్మానాన్నలతో

ప్రశ్న: డాలస్ నుంచి డిసెంబర్ 26న ఓర్లాండో వెళ్తున్నాం. విజయవాడ నుంచి అమ్మానాన్న వచ్చారు, అమ్మకి మోకాళ్ల నొప్పి. పాపకి ఆరేళ్లు. డిస్నీ వరల్డ్‌లోని మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కుకి ఒక్కరోజే కుదిరింది. అక్కడ రాత్రిపూట జరిగే క్రిస్మస్ పార్టీకి టికెట్ విడిగా కొనాలా? జనాన్ని తలుచుకుంటేనే టెన్షన్.

జవాబు: ఆ పార్టీ రాత్రులు క్రిస్మస్‌కి ముందే అయిపోతాయండీ. 26న కొందామన్నా దొరకదు.

జవాబు: రెండేళ్ల కిందట ఇదే వారంలో మా అత్తయ్యగారితో వెళ్లాం. కారు పార్క్ చేయగానే గేటు వచ్చేసిందనుకున్నా. ఎక్కడ! అక్కణ్ణుంచి మోనోరైలో, ఫెర్రీయో ఎక్కాలి. ఆ టైము కూడా లెక్కేసుకుని పొద్దున్నే బయల్దేరండి. లోపల వీల్‌చైర్ అద్దెకిస్తారు, మీ అమ్మగారు వద్దన్నా తీసుకోండి. మా అత్తయ్య "నడుస్తాలేవే" అన్నారు. పదకొండింటికల్లా చెప్పులు చేతికొచ్చాయి! బయటి తిండి తేనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. మేం కోట ఎదురుగా కూర్చుని పులిహోర తిన్నాం, చుట్టూ బర్గర్ల వాసన. తినుబండారాల కౌంటర్లలో గ్లాసుతో చల్లటి నీళ్లు ఊరికే ఇస్తారు, అడగాలంతే. ఫ్లోరిడానే కదా అని స్వెటర్లు మానకండి.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. అమ్మకి చదివి వినిపించా. వీల్‌చైర్ మాట వినిపించుకోలేదు గానీ, పులిహోరకి చింతపండు ఉందా అని అడుగుతోంది.