పేరు లేని ప్రొడ్యూసర్ ట్రాక్ చార్టులోకి ఎలా ఎక్కుతుంది?

నేను టెక్నో అనే ఎలక్ట్రానిక్ డ్యాన్స్ సంగీతంలో ట్రాకులు చేస్తాను. నా పేరు ఇంకా ఎవరికీ తెలియదు. డీజేలు ట్రాకులు కొనే ఆన్‌లైన్ స్టోర్ బీట్‌పోర్ట్‌లో ఒక్కో జానర్‌కి టాప్ 100 చార్ట్ ఉంటుంది కదా. డీజేలు ఎక్కువగా అందులో పైనున్నవే విని కొంటారు, దాంతో అవి అక్కడే నిలబడిపోతాయి. కిందున్న ట్రాక్ ఎంత బాగున్నా అక్కడిదాకా వచ్చి వినేవాళ్లు తక్కువ. ఇది నన్ను నిజంగా బాధపెడుతోంది.

2006లో సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే పరిశోధకులు సైన్స్ పత్రికలో ఒక ప్రయోగం గురించి రాశారు. 14 వేలకు పైగా శ్రోతలు, పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48. ఏ పాటని ఎంతమంది డౌన్‌లోడ్ చేశారో కనిపించేసరికి హిట్లకీ మిగతావాటికీ తేడా బాగా పెరిగింది. ఏది హిట్టవుతుందో ఊహించడమూ కష్టమైంది. అయితే మరీ మంచి పాటలు అట్టడుగుకి పోవడం అరుదేనట. నాకు ఆ ఒక్క మాటే ధైర్యం.

అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. ప్రీ-ఆర్డర్లతో అమ్మకాలన్నీ మొదటి రోజుల్లోకి తెస్తే చార్టులో తేడా ఉంటుందా? డీజేలకి ముందే ఉచితంగా ప్రోమో పంపితే, కొనాల్సినవాళ్ల దగ్గర అప్పటికే ఫైల్ ఉంటుంది కదా, అమ్మకాలు తగ్గవా? పెద్ద జానర్ వదిలి, ట్రాక్‌కి నిజంగా సరిపోయే చిన్న జానర్‌లో రిలీజ్ చేయడం మేలా? చిన్న లేబుల్స్ కోసం బీట్‌పోర్ట్‌లో ఉన్న హైప్ చార్ట్ వల్ల ఎవరికైనా కొత్త శ్రోతలు దొరికారా?